జైల్లో మంచిగా ఉంటే ఏం దక్కుతుంది? రెమిషన్, ఫర్లో, ఓపెన్ జైలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ములాఖత్ గది బయట పారా లీగల్ వాలంటీరుగా కూర్చున్నన్నాళ్లూ నా దగ్గరికి వచ్చే మనుషులు మారారు కానీ వాళ్ల ప్రశ్నలు మారలేదు. చెప్పిందే చెప్పీ చెప్పీ గొంతు పోయి, చివరికి రాసి పెట్టాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జైళ్లలో మనుషులున్న కుటుంబాల కోసం రాసింది ఇది. మీకు కావలసిన ప్రశ్న వెతుక్కుని అది ఒక్కటే చదువుకున్నా చాలు. రోజుల లెక్కలు కేంద్ర హోంశాఖ 2016 నమూనా జైలు మాన్యువల్ నుంచి తీసుకున్నవి. రాష్ట్రాల నియమాల్లో తేడాలుంటాయి కాబట్టి మీవాళ్ల అసలు లెక్క జైలు ఆఫీసులోనే తేల్చుకోవాలి.

## లోపలికి వెళ్లిన కొత్తలో

రెమిషన్ అంటే బెయిల్ లాంటిదేనా? లేక క్షమాభిక్షా?

రెండూ కాదు. బెయిల్ ఇచ్చేది కోర్టు. క్షమాభిక్ష గవర్నరో రాష్ట్రపతో ఇస్తారు. రెమిషన్ మనిషి లోపల ఉండి నెలనెలా సంపాదించుకునేది. తీర్పు మారదు, నేరం చెరిగిపోదు, అయిదేళ్లని కోర్టు రాస్తే అయిదేళ్లే. కాకపోతే నడవడికీ పనికీ ఇన్ని రోజులని జమ వేసుకుంటూ పోతారు, విడుదల తేదీ అన్ని రోజులు ముందే వస్తుంది. 1894 నాటి జైళ్ల చట్టం దీన్ని మార్కులు వేసి, వాటిని బట్టి శిక్ష కురచ చేయడంగానే నిర్వచించింది. బడిలో మార్కుల్లాంటివే, కాకపోతే ఇక్కడ మార్కంటే ఒక రోజు.

జైల్లో పగలొక రోజు, రాత్రొక రోజు కింద లెక్కట కదా?

కాదు. ఈ మాట ఎక్కడ పుట్టిందో కానీ ప్రతి ఊళ్లోనూ ఉంది. ఒకావిడ వెంకటేశ్వరస్వామి బొమ్మున్న క్యాలెండరు చుట్టి సంచిలో పెట్టుకొచ్చేది. రోజుకు రెండు తేదీలు కొట్టేసుకుంటూ వచ్చి, మా ఆయన ఈ సంక్రాంతికి వచ్చేస్తాడండీ అని చూపించింది. ఆవిడ లెక్క ప్రకారం ఏడేళ్ల శిక్ష మూడున్నరేళ్లలో అయిపోవాలి. అది తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పక తప్పలేదు. ఏ చట్టంలోనూ ఆ లెక్క లేదు. ఇరవై నాలుగు గంటలు గడిస్తే ఒక రోజు, అంతే. తగ్గేదేమైనా ఉంటే రెమిషన్ వల్లే తగ్గుతుంది.

మా తమ్ముడు ఇంకా అండర్‌ట్రయల్, కేసు విచారణలోనే ఉంది. బుద్ధిగా ఉంటే వాడికీ రోజులు తగ్గుతాయా?

తగ్గవు. శిక్ష పడ్డాకే రెమిషన్. పడని శిక్షలోంచి రోజులు ఎలా తీసేస్తారు? అయితే ఈ ఏర్పాటులో పెద్ద లోపమే ఇది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో దేశంలోని ఖైదీలు 5,73,220 మంది. అందులో నూటికి 75 మందికి పైగా అండర్‌ట్రయల్సే. అంటే సత్ప్రవర్తనకు బహుమానం అంటూ మనం చెప్పుకునేదంతా మిగతా పాతిక మందిలోపు వాళ్లకే.

మీ తమ్ముడికి పనికొచ్చే సంగతులు రెండున్నాయి. రేపు శిక్ష పడితే, రిమాండులో గడిపిన రోజులు అందులోంచి మినహాయిస్తారు (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సెక్షన్ 468). ఇంతకుముందు ఏ శిక్షా పడని మనిషైతే, ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండులోనే గడిచిపోతే సెక్షన్ 479 కింద బెయిలు అడగొచ్చు. మరణశిక్షకో యావజ్జీవానికో వీలున్న కేసులకు ఇది వర్తించదు. వేరే కేసులు కూడా నడుస్తుంటే కుదరదు.

గంజాయి కేసులో పదేళ్లు పడింది. రెమిషన్ లేదంటున్నారు. కక్షగట్టి ఆపారా?

ఎవరి కక్షా కాదు, చట్టమే అలా ఉంది. మాదకద్రవ్యాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 32ఏ ప్రకారం ఆ చట్టం కింద శిక్ష పడ్డవాళ్లకు రెమిషన్ ఉండదు. వాడకందారుల మీద పెట్టే సెక్షన్ 27 ఒక్కటే మినహాయింపు. ఏజెన్సీ నుంచి మూటలు మోసి పట్టుబడ్డ కుర్రాళ్ల ఇళ్లలో ఈ మాట పిడుగులా పడుతుంది. పక్క బ్యారక్‌లో హత్య కేసు ఖైదీకి రోజులు తగ్గుతుంటే మావాడికెందుకు లేదని అడుగుతారు. సమాధానం చట్టంలో ఉంది, న్యాయంగా ఉందా అంటే నా దగ్గర జవాబు లేదు. అయితే సుప్రీంకోర్టు 2000లో దాదు కేసులో, అప్పీలు విచారణలో ఉండగా శిక్షను నిలిపివేసే అధికారం కోర్టులకు ఉంటుందనీ, పెరోల్‌కు ఈ సెక్షన్ అడ్డం కాదనీ చెప్పింది. ఆ దారులు వదలకండి.

## శిక్ష నడుస్తుండగా

నెలకు ఎన్ని రోజులు తగ్గుతాయి? లెక్క కట్టి చెప్పండి.

నమూనా మాన్యువల్ ప్రకారం మూడు నెలలు, అంతకు మించి శిక్ష పడ్డవాళ్లు అర్హులు. నడవడికి నెలకు 3 రోజులు, అప్పగించిన పని సరిగా చేసినందుకు మరో 3. ఏడాదికి 72 అవుతాయి. ఏడాదంతా జైలు నేరమేదీ చేయకుండా ఉంటే వార్షిక సత్ప్రవర్తన రెమిషన్ 30 రోజులు. మొత్తం 102. అంటే ఏడాదిలో మూడు నెలలకు పైనే.

వినడానికి ఎక్కువగా ఉంటుంది కానీ మొత్తం రెమిషన్ శిక్షలో ఇంత భాగం దాటకూడదని నియమాల్లో హద్దు ఉంటుంది. ఆ హద్దు మీ రాష్ట్రంలో ఎంతో అడిగి తెలుసుకున్నాకే ఇంట్లో ముహూర్తాలు పెట్టుకోండి.

వంటశాలలో వేశారు, ఆదివారం కూడా పనేనట. మార్పించుకోవాలా?

తొందరపడకండి. సెలవులు లేకుండా చేయాల్సిన వంట, ఊడ్పు లాంటి పనులకు నమూనా మాన్యువల్ నెలకు 8 రోజులు ఇస్తుంది. తెల్లవారుజామున లేచి పొయ్యిల ముందు నిలబడడం కష్టమే, కానీ చాలామంది ఆ రోజుల కోసమే వంటశాల అడిగి వేయించుకుంటారు.

చాలామంది గమనించని సంగతి ఒకటి ఇక్కడే ఉంది. ఏ పనికి ఎన్ని రోజులో తేడా ఉన్నప్పుడు, ఎవరిని ఏ పనిలో వేస్తారన్నదే అసలు పంపకం. పలు రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో వంట ఫలానా కులంవాళ్లకు, ఊడ్చే పని ఫలానావాళ్లకు అని రాసి ఉండేది. 2024 అక్టోబరులో సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. కులం చూసి పని వేయడం ఇప్పుడు నేరుగా రాజ్యాంగ విరుద్ధం. అలా జరిగితే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

స్పెషల్ రెమిషన్ ఎవరికిస్తారు?

మామూలు నడవడిని మించి ఏదైనా చేసినవాళ్లకు. సిబ్బందినో తోటి ఖైదీనో ప్రాణాపాయం నుంచి కాపాడడం, పారిపోయే ప్రయత్నాన్ని ఆపడం, అగ్నిప్రమాదంలో సాయపడడం, తోటివాళ్లకు చదువు చెప్పడం లాంటివి. సూపరింటెండెంట్ సిఫారసు ఉండాలి. మీవాడు అక్షరాలు రానివాళ్లకు పాఠాలు చెబుతుంటే అది కాగితం మీద నమోదయిందో లేదో కనుక్కోండి. నోటి మెచ్చుకోలుకు రోజులు రావు.

మావాడికి ఎన్ని రోజులు జమ అయ్యాయో మాకెలా తెలుస్తుంది?

ప్రతి ఖైదీకీ హిస్టరీ టికెట్ ఉంటుంది. పేరు, నంబరు, శిక్ష, వేసిన పని, జబ్బులు, శిక్షలు, రెమిషన్ అన్నీ దానికెక్కుతాయి. తన టికెట్‌లో ఏముందో అడిగి తెలుసుకోమని మీవాడికి చెప్పండి. మూణ్నెల్లకోసారి అడగడం అలవాటు చేసుకుంటే మంచిది.

ఎందుకింతగా చెబుతున్నానంటే, ఒకతన్ని ఒక జైలు నుంచి ఇంకో జైలుకు మార్చారు. మనిషి వచ్చాడు, పాత జైలు పని రికార్డు రాలేదు. నాలుగు నెలల పని రెమిషన్ ఎక్కడా లేదు. అతనికి ఆ సంగతే తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ అడగలేదు. అన్న ములాఖత్‌కు వచ్చినప్పుడు మాటల మధ్య బయటపడింది. ఒక్క అర్జీ, రెండు ఉత్తరాలు, ఒక నెల. 12 రోజులు తిరిగి చేరాయి. పెద్ద సంఖ్యేం కాదు, కానీ ఆ 12 రోజుల్లో వాళ్లమ్మ కంటి ఆపరేషన్ ఉంది.

జైలు కూలి కూడా మంచిగా ఉన్నందుకు ఇచ్చే బహుమతేనా?

కాదు, అది పనికి రావలసిన డబ్బు. కఠిన కారాగార శిక్ష పడ్డవాళ్ల చేత పని చేయిస్తే తగిన కూలి ఇవ్వాలని 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తిండికీ బట్టకీ అయిన ఖర్చు మినహాయించుకోవచ్చని, కొంత భాగం బాధితుల పరిహారానికి పక్కన పెట్టేలా చట్టం చేయవచ్చని కూడా అదే తీర్పు అంది. సాధారణ కారాగార శిక్షయితే పని తప్పనిసరి కాదు, కావాలంటే అడిగి చేసుకోవచ్చు.

పని ఎక్కడ దొరుకుతుందన్నది మాత్రం నడవడిని బట్టే ఉంటుంది. తెలంగాణ జైళ్ల శాఖ మై నేషన్ పేరుతో అమ్మే వస్తువులు లోపలి కార్ఖానాల్లోవి. రోడ్డు పక్కన జైలు పెట్రోలు బంకుల్లో పైపు పట్టుకుని నిలబడే అవకాశం అందరికీ రాదు. గోడ బయటికి పంపితే తిరిగి వస్తాడన్న నమ్మకం కుదరాలి. నన్నడిగితే అతి పెద్ద బహుమతి అదే. బండిలో పెట్రోలు పోయించుకున్నవాడు అతన్ని ఖైదీగా చూడడు, చిల్లర ఇవ్వు బాబూ అంటాడు.

లోపల చదువుకుంటే శిక్ష తగ్గుతుందా?

చదువులో చెప్పుకోదగ్గ ప్రగతి చూపిస్తే స్పెషల్ రెమిషన్‌కు సిఫారసు చేయవచ్చు. మన జైళ్లలో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో చదువులు అందుబాటులో ఉన్నాయి. అయితే డిగ్రీకి ఇన్ని రోజులన్న స్థిరమైన లెక్క ఉందో లేదో ముందే అడగండి. బ్రెజిల్‌లో ఈ విషయంలో గందరగోళం లేదు. ఒక పుస్తకం చదివి దాని మీద వ్యాసం రాస్తే 4 రోజులు, ఏడాదికి 12 పుస్తకాలు, మొత్తం 48 రోజులు. ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు.

బుద్ధిగా ఉంటేనే ములాఖత్ అంటున్నారు. అలా అనొచ్చా?

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. టీవీ గది, క్యాంటీన్‌లో ఎక్కువ ఖర్చు చేసే వీలు, నచ్చిన పని, ఓపెన్ జైలు లాంటివి సౌకర్యాలు. నడవడిని బట్టి ఇవ్వొచ్చు, తగ్గించొచ్చు. కడుపునిండా తిండి, మంచినీళ్లు, వైద్యం, ఇంటివాళ్లతో సంబంధం, లాయరును కలవడం సౌకర్యాలు కావు. ఖైదీల విషయంలో ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ఈ రెంటినీ వేరు చేశాయి. 95వ నియమం సత్ప్రవర్తనను ప్రోత్సహించే సౌకర్యాల పద్ధతి ప్రతి జైల్లో ఉండాలంటుంది. 43వ నియమం శిక్ష పేరుతో తిండీ నీళ్లూ తగ్గించకూడదని, కుటుంబంతో సంబంధాన్ని పూర్తిగా తెంచకూడదని అంటుంది.

మనిషి సొమ్మే లాక్కుని, తర్వాత కొంచెం కొంచెంగా తిరిగిస్తూ దాన్ని బహుమతి అనడం చాలాచోట్ల జరిగింది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ ఫెడరల్ జైల్లో 1972లో స్టార్ట్ అనే కార్యక్రమం పెట్టారు. మొండి ఖైదీలను ఒంటరి గదుల్లో అన్నీ తీసేసి ఉంచి, మాట వింటే ఒక్కో మెట్టూ ఎక్కనిస్తూ ఒక్కో వెసులుబాటు తిరిగి ఇచ్చేవాళ్లు. ఖైదీలు కోర్టుకెక్కారు, 1974లో అది మూతపడింది. ఇంగ్లండ్‌లో 2013 నవంబరులో పార్సిళ్ల మీద ఆంక్షలు పెట్టి, ఇంటి నుంచి పుస్తకాలు పంపే దారి మూసేశారు. ఏడాది దాటాక, 2014 డిసెంబరులో అక్కడి హైకోర్టు అది చట్టవిరుద్ధమంది.

మావాణ్ణి కాన్విక్ట్ వార్డర్‌గా వేస్తామంటున్నారు. మంచిదేనా?

పాత పద్ధతి ఇది. మంచి పేరున్న ఖైదీని నైట్ వాచ్‌మన్‌గా, తర్వాత ఓవర్సీర్‌గా, ఆపైన వార్డర్‌గా పెంచుకుంటూ పోతారు. మెట్టు ఎక్కేకొద్దీ రోజులూ, గౌరవమూ పెరుగుతాయి. కుర్రాడికి బాధ్యత నేర్పుతుందన్నదీ నిజమే.

కానీ తోటివాళ్ల మీద పెత్తనమే బహుమతి అయినప్పుడు బ్యారక్‌లో ఏమవుతుందో ఊహించండి. నీళ్ల దగ్గర, పడక చోటు దగ్గర, ఫోను వరస దగ్గర చిన్న దొరతనం మొదలవుతుంది. జైళ్ల సంస్కరణలపై 1980లో ఏర్పడ్డ ముల్లా కమిటీ ఈ పద్ధతిని తప్పుపట్టింది. మండేలా నియమాల్లో 40వది ఏ ఖైదీకీ క్రమశిక్షణ అధికారం ఇవ్వకూడదంటుంది. మీవాడికి లెక్కలు రాయడం, గ్రంథాలయం చూసుకోవడం లాంటి పనైతే కళ్లు మూసుకుని ఒప్పుకోమనండి. మనుషుల్ని అదిలించే పనైతే నా సలహా వద్దనే. గొడవైన రోజున మొదట రాసేది అతని పేరే.

## తప్పు జరిగితే

బ్యారక్‌లో గొడవైంది, మావాడి పేరు రాశారు. ఇన్నేళ్ల రెమిషన్ పోయినట్టేనా?

వెంటనే అలా అనుకోవద్దు. జైళ్ల చట్టం సెక్షన్ 45 ఏవి జైలు నేరాలో చెబుతుంది, 46 వాటికి శిక్షలేమిటో చెబుతుంది. మందలింపు దగ్గర మొదలై పని మార్చడం, రెమిషన్ సౌకర్యాలు కోల్పోవడం దాకా ఉంటాయి. ప్రతి శిక్షా పుస్తకానికెక్కాలి. 1979లో సునీల్ బాత్రా రెండో తీర్పులో సుప్రీంకోర్టు ఇంకో రక్షణ ఇచ్చింది. సౌకర్యాలు తీసేయడం సహా ఏ శిక్షకైనా సెషన్స్ జడ్జి పరిశీలన ఉండాలి. అత్యవసరమైతే శిక్ష వేసిన రెండు రోజుల్లోపు ఆయనకు తెలియజేయాలి.

ఇంకో సంగతి. వార్షిక సత్ప్రవర్తన రెమిషన్‌కు ఏడాది లెక్క చివరి శిక్ష తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. ఉత్త మందలింపుతో సరిపెడితే ఆ లెక్క చెడదు. కాబట్టి ఏ శిక్ష రాశారన్నది ముఖ్యం. తేదీ, కారణం, శిక్ష పేరు మూడూ కనుక్కుని ఉచితంగా వాదించే న్యాయసేవాధికార సంస్థ లాయరుకు ఇవ్వండి.

రోజులు రాయిస్తానని ఒకతను డబ్బులడుగుతున్నాడు. ఇవ్వాలా?

రూపాయి కూడా ఇవ్వొద్దు. రెమిషన్‌కు ఫీజు లేదు. జైల్లో ఫిర్యాదుల పెట్టె ఉంటుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టొచ్చు, లేదా న్యాయ సాయం నంబరు 15100కు ఫోన్ చేయొచ్చు.

## గేటు బయటికి వచ్చే దశలో

పెరోల్, ఫర్లో ఒకటేనా?

బయటికి రావడం వరకు ఒకటే, లెక్కలో కాదు. పెరోల్ అవసరం కోసం: చావు, పెళ్లి, జబ్బు, ఇల్లు కూలిపోవడం. ఫర్లో సత్ప్రవర్తన చూపిస్తూ కొన్నేళ్లు గడిపినవాళ్లకు, ఇంటితో బంధం తెగిపోకుండా ఇచ్చే సెలవు. దానికి ప్రత్యేక కారణం చూపనక్కర్లేదు. 2017లో అష్ఫాక్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా వివరించింది. ఫర్లో రోజులు శిక్ష అనుభవించినట్టే జమ అవుతాయి. ఫర్లో హక్కు అని మాత్రం అనుకోవద్దు, 2021లో ఇంకో తీర్పులో అదే కోర్టు అది సంపూర్ణ హక్కు కాదని చెప్పింది.

సెలవు ఇచ్చే ముందు పోలీసుల నివేదిక తెప్పిస్తారు. ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. బాధితుల ఇల్లు అదే వీధిలో ఉంటే, సెలవు రోజులు వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో గడుపుతానని అర్జీలోనే రాయించండి.

సెలవుకు వచ్చి రెండు రోజులు ఆలస్యంగా వెళ్తే ఏమవుతుంది?

సంపాదించుకున్నది పోగొట్టుకునే దగ్గరి దారి అదే. రెమిషన్ కోత, తర్వాతి సెలవుకు అడ్డు, ఓపెన్ జైలు ఆశ గల్లంతు. నిజంగానే ఆసుపత్రిలో పడితే అదే రోజు జైలుకూ, స్థానిక పోలీస్ స్టేషన్‌కూ కబురు చేసి, చీటీలు దాచి పెట్టండి.

ఓపెన్ జైలుకు పంపుతామంటున్నారు. అక్కడ ఎలా ఉంటుంది?

ఎత్తు గోడలుండవు, తుపాకీ కాపలా ఉండదు. అనంతపురం దగ్గర రెడ్డిపల్లిలో, హైదరాబాద్ శివారు చర్లపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రాలున్నాయి. పొలం పని, పశువుల పని. కొన్నేళ్లు మచ్చ లేకుండా గడిపినవాళ్లను ఏరి పంపుతారు. మూసిన జైలు కంటే ఇక్కడ స్వేచ్ఛ ఎక్కువ, నమ్మకం కూడా ఎక్కువ, పారిపోతే పోయేదీ ఎక్కువే.

జైపూర్ దగ్గర సాంగానేర్‌లో ఇంకో అడుగు ముందుకు వేశారు. అక్కడ ఖైదీ భార్యాపిల్లలతో కలిసి ఉంటాడు, పొద్దున్నే బయట కూలికో ఉద్యోగానికో వెళ్లి సాయంత్రం హాజరుకు తిరిగొస్తాడు. సొంత సంపాదన మీదే బతుకుతాడు. తెలుగు నేల మీద అలాంటిది ఎందుకు పెట్టలేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లే కదా?

కాదు. 1961లో గోపాల్ గాడ్సే కేసు నుంచి సుప్రీంకోర్టు మాట ఒక్కటే, యావజ్జీవమంటే బతికున్నంత కాలం. పద్నాలుగేళ్ల మాట ఎక్కడిదంటే, మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో యావజ్జీవం పడితే కనీసం 14 ఏళ్లు నిజంగా లోపల గడిపాకే ప్రభుత్వం ముందస్తు విడుదలను పరిశీలించాలి. అప్పట్లో సీఆర్‌పీసీ సెక్షన్ 433ఏ, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 475. అది అర్హత మొదలయ్యే గీత, విడుదల తేదీ కాదు. ఆ 14 ఏళ్లలో రెమిషన్ రోజులు కలపరు. రిమాండు రోజులు మాత్రం కలుస్తాయి. ఆ పైన ప్రభుత్వ ఉత్తర్వు రావాలి, అది లేకుండా ఎన్ని వందల రోజులు జమ ఉన్నా యావజ్జీవ ఖైదీ గేటు దాటలేడు.

కొన్ని తీర్పుల్లో ఇన్నేళ్లదాకా రెమిషన్ ఉండదని రాస్తారు. హైకోర్టు, సుప్రీంకోర్టు అలా వేయగలవని 2015లో శ్రీహరన్ కేసు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. తీర్పు నకలు చివరి పేజీ చదివించుకోండి.

ఆగస్టు 15కు ప్రభుత్వం ముందస్తుగా విడుదల చేసే ఖైదీల జాబితాలో మావాడి పేరు లేదు. ఎవరిని అడగాలి?

మొదట ఆ విడుదల ఉత్తర్వు చూడండి. ప్రతి ఉత్తర్వులోనూ ఏ నేరాలవాళ్లు రారో, నిజంగా ఎన్నేళ్లు గడిపి ఉండాలో, రెమిషన్‌తో కలిపి ఎన్నేళ్లో ఉంటుంది. శిక్ష పడిన నాటి విధానం ఇప్పటిదానికంటే మేలుగా ఉంటే దాన్ని కోరవచ్చు. 2010లో జగదీశ్ కేసు తీర్పు ఇందుకు ఆధారం. విధానం అమల్లో ఉన్న రాష్ట్రంలో అర్హత వచ్చిన ఖైదీ అర్జీ పెట్టకపోయినా ప్రభుత్వమే పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. తిరస్కరిస్తే కారణాలు చెప్పాలి.

శిక్ష వేసిన కోర్టు వేరే రాష్ట్రంలో ఉంటే మన ప్రభుత్వం చేయగలిగింది లేదు. బిల్కిస్ బానో అత్యాచార కేసులో దోషులకు గుజరాత్ ఇచ్చిన విడుదలను 2024 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసిన కారణాల్లో ఇదీ ఒకటి. విచారణ జరిగి శిక్ష పడింది మహారాష్ట్రలో.

## అసలు మనుషులు మారతారా?

తప్పు చేసినవాడికి బహుమతులేమిటి? దెబ్బతిన్నవాళ్ల సంగతేమిటి?

ఈ ప్రశ్న బాధితుల ఇంటి నుంచి వస్తే నేను వాదించను. వాళ్ల కోపానికి నా దగ్గర లెక్కలు లేవు. బయటివాళ్లు అడిగితే మాత్రం ఒకటే చెబుతాను. మరణశిక్ష, యావజ్జీవం మినహాయిస్తే శిక్షపడ్డ ప్రతి మనిషీ ఏదో ఒక రోజు బయటికి వచ్చి తీరతాడు. పదేళ్లు మంచి చేసినా చెడు చేసినా ఒకటే అన్న చోట గడిపి వచ్చినవాడు మీ వీధిలో ఉండాలా, నడవడికి ఫలితం ఉంటుందని చూసినవాడు ఉండాలా?

ఈ మార్కుల ఆలోచన ఎవరిది?

అలెగ్జాండర్ మెకనోకీ అనే స్కాట్లండ్ నౌకాదళ అధికారి పేరు మొదట చెప్పాలి. 1840లో ఆస్ట్రేలియాకు తూర్పున సముద్రంలో ఉన్న నార్ఫోక్ దీవి జైలు ఆయన చేతికొచ్చింది. కొరడా దెబ్బలకు పేరుమోసిన చోటు. శిక్షను సంవత్సరాల్లో కాదు, సంపాదించాల్సిన మార్కుల్లో కొలవాలన్నాడాయన. పని చేస్తే మార్కులు, తప్పు చేస్తే కోత, కొంచెం మెరుగైన తిండి కావాలంటే ఆ మార్కులతోనే కొనుక్కోవాలి. ఆ మే నెలలో విక్టోరియా రాణి పుట్టినరోజని గేట్లు తెరిచేశాడు. ఖైదీలు పగలంతా దీవిలో తిరిగి, నిమ్మరసం కలిపిన పల్చటి రమ్ము తాగి, రాత్రికి ఎవరి గదికి వాళ్లు చేరారు. ఇంత మెత్తదనం పనికిరాదని పైవాళ్లు 1844లో ఆయన్ను తప్పించారు. ఆయన పద్ధతిని 1850ల్లో వాల్టర్ క్రాఫ్టన్ ఐర్లండ్‌లో మెట్లు మెట్లుగా అమలు చేశాడు. మన 1894 చట్టంలోని మార్కులకు మూలం ఆ దారిలోనే ఉంది.

రోజుల కోసం బుద్ధిమంతుల్లా నటిస్తారు కదా?

కొందరు నటిస్తారు. అమెరికాలో 1973లో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. గీస్తే బిరుదు పత్రం ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు తర్వాత తమంతట తాము గీయడం తగ్గించేశారు. బహుమతి కోసమే చేసే పనికి బహుమతి పోగానే ప్రాణం పోతుందన్న భయం ఉత్తది కాదు.

అయినా నేను చూసినంతలో నటనకు కూడా విలువుంది. రెండేళ్లు రోజూ కార్ఖానాకు వేళకు వెళ్లినట్టు నటించినవాడికి వడ్రంగం వచ్చేసింది. అది నటన కాదు మరి. అందుకే నడవడికి వేసే 3 రోజుల కంటే పనికి వేసే 3 రోజుల మీద నాకు నమ్మకం ఎక్కువ. నోరెత్తకుండా కూర్చోవడం ఏ విద్యా నేర్పదు.

మరి ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది?

నియమం గోడ మీద కనిపించాలి, ఫలితం త్వరగా అందాలి, ఇచ్చేవాడి మూడ్‌తో పని ఉండకూడదు. ఈ మూడూ ఉన్నచోట పనిచేస్తుంది. ఇంగ్లండ్ 1995లో జైళ్లన్నింటా, నడవడిని బట్టి మెట్టు ఎక్కించే, దించే ప్రోత్సాహకాల పద్ధతి తెచ్చింది. మంచి ఉద్దేశమే. తీరా పరిశోధకులు వెళ్లి చూస్తే సిబ్బంది న్యాయంగా ఉన్నారన్న భావన ఖైదీల్లో తగ్గిపోయింది. ఒకే తప్పుకు ఒకరికి మందలింపు, ఇంకొకరికి మెట్టు దించడం. మన బ్యారక్‌లలో కూడా రోజులు పోయినందుకంటే పక్కవాడికి పోనందుకు మండేవాళ్లనే ఎక్కువ చూశాను.

## విడుదల రోజు

ఎవరు రావాలి, ఏం తెచ్చుకోవాలి?

ఎవరో ఒకరు తప్పక రండి. ఏళ్ల తర్వాత బయటికొచ్చిన మనిషికి రోడ్డు దాటడమే కష్టంగా ఉంటుంది. గేటు దగ్గర మూడు లెక్కలు చూసుకోండి: మిగిలిన కూలి డబ్బు, అతని పేరున ఉన్న సొంత నగదు, లోపలికి వెళ్లేటప్పుడు అప్పగించిన వస్తువులు. నేర్చుకున్న పనికీ, చదువుకూ సర్టిఫికెట్లు ఉంటే అక్కడే అడిగి తీసుకోండి. తర్వాత వాటి కోసం మళ్లీ ఆ గేటుకు రావడానికి ఎవరూ ఇష్టపడరు. ఒక జత బట్టలు, చెప్పులు కూడా తెచ్చుకోండి. అరెస్టయిన రోజు చొక్కా తిరిగిస్తారు కానీ అది ఇప్పుడు పట్టకపోవచ్చు.